రొయ్య, పీత, ఆల్చిప్ప: పేరు ఒక్కటి, వంశములు రెండు

1979లో నేను గోదావరి డెల్టా తీరములో ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేస్తున్నాను. రొయ్యల కూర తిన్న గంటలోపే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఒక గృహిణి వచ్చింది. సూదిమందు ఇచ్చాను, దద్దుర్లు తగ్గాయి. ఇంటికి పంపుతూ, "ఇకపై రొయ్యలు ముట్టుకోవద్దమ్మా" అని చెప్పాను. అంతే చెప్పాను.

మూడు నెలల తరువాత ఒక రాత్రి ఆమెను మంచముపై మోసుకువచ్చారు. పెదవులు, నాలుక వాచిపోయి ఉన్నాయి. ఛాతీలో పిల్లికూతలు. నాడి చేతికి సరిగా అందడము లేదు. అడ్రినలిన్ ఇచ్చి, సెలైన్ ఎక్కించి, తెల్లవారేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను. బ్రతికింది. మాట వచ్చాక ఆమె నాతో అన్న మొదటి మాట ఇది: "మీరు చెప్పినట్టే రొయ్య ముట్టుకోలేదు బాబూ. పీతల ఇగురు తిన్నాను, అంతే."

తప్పు ఆమెది కాదు. పీత రొయ్యకు దగ్గర చుట్టమని నాకు తెలిసి ఉండాలి. కళాశాలలో ఆర్థ్రోపొడా వర్గపు లక్షణములు వరుసగా వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాడినే. ఆ చదువు పరీక్ష కాగితము దాటి మందుచీటీ మీదికి రాలేదు. ఆ రాత్రి తరువాతనే నేను జీవుల వర్గీకరణ చరిత్రను శ్రద్ధగా చదవడము మొదలుపెట్టాను.

ఇటీవలి సంవత్సరములలో దీనికి తిరుగైన పొరపాటును కూడా చూస్తున్నాను. విదేశములలో ఉన్న పిల్లల వద్దకు వెళ్ళి వచ్చిన పెద్దలు కొందరు 'షెల్‌ఫిష్ ఎలర్జీ' అని వ్రాసిన కాగితము తెచ్చి చూపిస్తారు. వారికి పడనిది రొయ్య. కాని ఆ ఒక్క మాట మూలముగా వారు నత్తలు, ఆల్చిప్పలు, కణవ చేపలు అన్నిటికీ దూరమవుతారు. సీటీ స్కాన్‌కు ముందు నరములోనికి ఎక్కించే అయొడిన్ మందుకు కూడా భయపడతారు.

షెల్‌ఫిష్ అనే మాటకు సరితూగే పదము తెలుగులో లేదు. మనకు రొయ్యలు వేరు, పీతలు లేక ఎండ్రకాయలు వేరు, గుల్లలు, చిప్పలు, నత్తలు వేరు. మాటకు మాట పెట్టి 'చిప్పచేపలు' అని ఎవరైనా అంటే మన మత్స్యకారులు నవ్వుతారు. ఆంగ్లములో మాత్రము పైన గట్టి కవచము ఉండి, నీటిలో దొరికి, తినదగినదంతా షెల్‌ఫిష్ అయింది. అది వంటింటి మాట, బజారు మాట. జీవశాస్త్రములో అటువంటి వర్గము ఏదీ లేదు. ఆ ఒక్క మాట వెనుక యాభై కోట్ల సంవత్సరములకు పైబడి విడివిడిగా నడచిన రెండు వంశములున్నాయి. రొయ్యకూ ఆల్చిప్పకూ మధ్య ఉన్న బంధుత్వము, మనిషికీ చేపకూ మధ్య ఉన్న బంధుత్వము కన్నా దూరపుది.

ఈ రెండు వంశములను విడదీయడానికి పండితులకు రెండు వేల సంవత్సరములకు పైగా పట్టింది. విచిత్రమేమంటే, మొదటి పండితుడే దాదాపు సరిగా చెప్పాడు.

క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దములో అరిస్టాటిల్ లెస్బోస్ ద్వీపములోని ఉప్పునీటి కయ్యలో దొరికే జీవులను పరిశీలించాడు. ఎర్రటి రక్తము లేని జంతువులను నాలుగు సమూహములుగా విభజించాడు. కణవలు, ఆక్టోపస్‌లు మెత్తని దేహము గలవి. పీతలు, రొయ్యలు మెత్తని పెంకు గలవి. ఆల్చిప్పలు, నత్తలు కుండపెంకు వంటి గట్టి చర్మము గలవి. కీటకములు గంట్లు గల దేహము గలవి. నొక్కితే నలిగే పెంకుకూ, కొడితే పగిలే పెంకుకూ తేడా ఉన్నదని ఆయన చేతితో పట్టుకొని తెలుసుకున్నాడు. పొరపాట్లు లేకపోలేదు. సముద్రపు ముళ్ళబంతిని కూడా ఆల్చిప్పల గుంపులో చేర్చాడు. ఆల్చిప్పలు తల్లిదండ్రులు లేకుండా బురదలో నుంచి వాటంతటవే పుడతాయని కూడా నమ్మాడు. వాటి డింభకములు కంటికి ఆనవు కనుక ఆయనను తప్పుపట్టలేము.

ఆ తరువాత చాలా శతాబ్దములు చెప్పుకోదగ్గ మార్పు లేకుండానే గడిచాయి. పద్దెనిమిదవ శతాబ్దములో స్వీడన్ దేశస్థుడు కార్ల్ లిన్నేయస్ వచ్చాడు. ఆయన కూడా వైద్యుడేనని చాలామందికి తెలియదు. విడతలు విడతలుగా వచ్చే చలిజ్వరముల కారణముపై సిద్ధాంత వ్యాసము వ్రాసి 1735లో వైద్యపట్టము పుచ్చుకున్నాడు. స్టాక్‌హోములో సుఖవ్యాధులకు చికిత్స చేసి పేరు తెచ్చుకున్నాడు. 1741లో ఉప్సాలా విశ్వవిద్యాలయములో వైద్యశాస్త్ర ఆచార్యుడయ్యాడు. నదిలో పెరిగే ఆల్చిప్పలలో గుండ్రని ముత్యములను పెంచే ఉపాయము కనుగొని, ఆ రహస్యమును ఒక వర్తకునికి అమ్ముకున్నాడు కూడా. అంటే ఆల్చిప్పను తెరచి లోపల చూసినవాడే.

అయినా 1758లో ఆయన ప్రచురించిన 'సిస్టెమా నేచురే' పదవ ముద్రణను తెరచి చూస్తే మనకు నవ్వు వస్తుంది. జంతువులన్నిటినీ ఆరు విభాగములుగా చేశాడు: క్షీరదములు, పక్షులు, ఉభయచరములు, చేపలు, కీటకములు, పురుగులు. పీతలు, రొయ్యలు, లాబ్‌స్టర్లు అన్నీ 'కాన్సర్' అనే ఒకే ప్రజాతిలో చేరి కీటకముల విభాగములోనికి వెళ్ళాయి. రెక్కలు లేని కీటకములని పేను, నల్లి జాతుల దాపున, సాలెపురుగు, తేలు, జెఱ్ఱిల సరసన వాటిని కూర్చోబెట్టాడు. ఆల్చిప్పకు 'ఆస్ట్రియా ఎడ్యులిస్' అని ఆయన పెట్టిన పేరు ఐరోపా ఆల్చిప్పకు నేటికీ నిలిచి ఉన్నది, కాని దానిని పురుగుల విభాగములో చేర్చాడు. మన పిల్లల కడుపులో ఉండే ఏలికపాము కూడా ఆ విభాగములోనిదే! గుల్ల ఉన్న నత్తను ఒక క్రమములో, గుల్ల లేని నత్తను మరొక క్రమములో ఉంచాడు. అంటే ఇంటిని బట్టి మనిషి కులమును నిర్ణయించినట్లు. వెన్నెముక లేని జీవులపై ఆయనకు పెద్దగా ఆసక్తి లేదని నా అభిప్రాయము. మొక్కలపై చూపిన శ్రద్ధ వీటిపై చూపలేదు.

ఈ చిక్కుముడిని విప్పినది జార్జ్ కువియే. ఫ్రెంచి విప్లవము సాగుతున్న రోజులలో, ఇరవై ఏళ్ళ యువకునిగా, నార్మండీలో ఒక కుటుంబపు పిల్లవానికి చదువు చెబుతూ కాలము గడిపాడు. సముద్రము దగ్గరే. తీరమున దొరికిన ప్రతి మెత్తని జీవినీ కోసి చూశాడు, బొమ్మలు గీశాడు. 1795లో పారిస్ చేరుకొని, లిన్నేయస్ పురుగుల విభాగము ఒక చెత్తబుట్ట వంటిదని నిరూపించి దానిని విడగొట్టాడు. 1812 నాటికి జంతువులన్నిటినీ నాలుగు మహాశాఖలుగా విభజించాడు. అందులో మొలస్కా ఒకటి. అతుకుల దేహము గల జీవులు మరొకటి. కువియే పెంకును పట్టించుకోలేదు, నాడీమండలమును చూశాడు. పీతలో, రొయ్యలో కడుపు వైపున నిడుపుగా నాడీరజ్జువు ఉండి, దానిపై ముడుల వంటి నాడీకేంద్రములుంటాయి. ఆల్చిప్పలో, నత్తలో అటువంటి రజ్జువు లేదు. నాడీకేంద్రములు దేహములో అక్కడక్కడా విడివిడిగా ఉంటాయి. రెండు ఇళ్ళ వాకిళ్ళు ఒకే విధముగా కనిపించవచ్చు, పునాదులు వేరు.

పెంకు విషయములో కూడా ఈ తేడా తెలుస్తుంది. ఆల్చిప్ప దేహమును కప్పి ఉండే ప్రావారము అనే పొర సున్నమును స్రవించి గుల్లను కడుతుంది. జీవి పెరిగిన కొద్దీ అంచున కొత్త వరుస చేరుతుంది. జీవితమంతా ఒకే ఇల్లు. మన పల్లెలలో గుల్లసున్నము కాల్చినది ఈ సున్నమునే. రొయ్య పెంకు ముఖ్యముగా కైటిన్ అనే పదార్థముతో చేసినది. అది పెరగదు. పెరగవలసినప్పుడల్లా రొయ్య, పీత కుబుసము విడువవలసినదే. రొయ్యల చెరువులున్న రైతులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

కువియేకు కూడా ఒకచోట కాలు జారింది. పడవల అడుగున, రేవు రాళ్ళపైన తెల్లగా, గట్టిగా, బొడిపెలుగా అంటుకొని ఉండే బార్నకిల్‌లను మీరు చూసే ఉంటారు. సున్నపు గుల్ల ఉన్నది, కదలదు కనుక అది ఆల్చిప్పల బంధువని లిన్నేయస్‌తో పాటు కువియే కూడా నమ్మాడు. ఆ పొరపాటును దిద్దినవాడు జాన్ వాన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు. ఐర్లండులోని కార్క్ రేవులో ఉద్యోగము చేస్తూ, తీరిక వేళలలో సన్నని వల వేసి సముద్రపు నీటిని వడగట్టి చూసేవాడు. 1826లో కాళ్ళతో ఈదులాడే అతి చిన్న జీవులు కొన్ని దొరికాయి. గాజుపాత్రలో ఉంచితే కొన్ని రోజులకు అవి పాత్రకు అతుక్కొని బార్నకిల్‌లుగా మారిపోయాయి! అంటే బార్నకిల్ రొయ్యల వంశములోనిది. పసితనములో ఈది, పెద్దయ్యాక తలక్రిందులుగా ఒకచోట అంటుకొని, సున్నపు ఇల్లు కట్టుకొని, కాళ్ళతో ఆహారమును నోటికి తోసుకునే జీవి. 1830లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు. తరువాత చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 వరకు ఈ బార్నకిల్‌లపైనే శ్రమించి నాలుగు సంపుటములు వ్రాశాడు. సర్కారు ఉద్యోగము చేస్తూ గాజుపాత్రలో నీళ్ళు మార్చుకుంటూ కూర్చున్న ఆ వైద్యుడంటే నాకు ప్రత్యేకమైన అభిమానము. అందుకే నాలుగు వాక్యములు ఎక్కువ వ్రాశాను, మన్నించండి.

ఇప్పటి వర్గీకరణ క్లుప్తముగా చెబుతాను. ఆల్చిప్ప మొలస్కా వర్గములో, బైవాల్వియా విభాగములో, ఆస్ట్రియిడే కుటుంబములో ఉన్నది. రెండు చిప్పలున్న గుల్లలన్నీ ఆ విభాగములోనివే. నత్తలు, శంఖములు, గవ్వలు అదే వర్గములో మరొక విభాగము. కణవ, ఆక్టోపస్ ఇంకొక విభాగము. రొయ్య, పీత, లాబ్‌స్టర్, బార్నకిల్ ఆర్థ్రోపొడా వర్గములో క్రస్టేషియా సమూహము. మన్నార్ సింధుశాఖలో ముత్యములనిచ్చే చిప్ప ఆల్చిప్పల కుటుంబములోనిది కాదు, అది వేరొక కుటుంబము. కాకినాడ అఖాతములో దొరికే, కిటికీలకు అద్దము వలె వాడిన పలుచని చిప్పల జీవి కూడా అసలైన ఆల్చిప్ప కాదు. ఆల్చిప్ప తాను అతుక్కున్న రాతిని బట్టి తన ఆకారమును మార్చుకుంటుంది కనుక గుల్లను చూసి జాతిని చెప్పడము నిపుణులకు కూడా కష్టమే. జన్యుపరీక్షలు వచ్చాక పేర్లు మళ్ళీ మారుతున్నాయి. 2017లో పసిఫిక్ ఆల్చిప్పలకు 'మగల్లానా' అని కొత్త ప్రజాతి పేరును ప్రతిపాదించారు. దానిపై వాదములు జరిగాయి.

జన్యుపరీక్షలు మరొక చమత్కారము చేశాయి. క్రస్టేషియన్ల వంశవృక్షములో నుంచే కీటకములు ఒక కొమ్మగా పుట్టుకొచ్చాయని తేలింది. రొయ్యను కీటకముల విభాగములో పెట్టిన లిన్నేయస్‌ను చూసి నవ్వినవారు నవ్వు ఆపవలసి వచ్చింది. ఆల్చిప్పకు వానపాము రొయ్య కన్నా దగ్గర బంధువు అని కూడా తేలింది. ఏలికపాము మాత్రము కుబుసము విడిచే జీవుల వైపు, అంటే రొయ్యల వైపు వెళ్ళింది.

ఇదంతా వైద్యునికి ఎందుకు? ఎలర్జీ కలిగినప్పుడు మన రక్షణ వ్యవస్థ గుర్తుపట్టేది కూరను కాదు, మాంసకృత్తును. రొయ్యల విషయములో ముఖ్యమైన మాంసకృత్తు కండరములలో ఉండే ట్రోపోమయోసిన్. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పి.వి.సుబ్బారావు గారి బృందము మన తెల్లరొయ్యను తీసుకొని, ఉడికించినా చెడని ఎలర్జీ పదార్థములను 1989లో వేరుచేసింది. 1993లో వారూ, అమెరికా సహచరులూ కలసి అది ట్రోపోమయోసిన్ అని నిర్ధారించారు. ఉడికించినా చెడదు కనుక "బాగా ఉడికించాను కదా" అన్న మాట ఇక్కడ పనికిరాదు. రొయ్యలు ఉడుకుతున్న ఆవిరి పీల్చి ఆయాసపడినవారు కూడా ఉన్నారు.

రొయ్యలో, పీతలో, లాబ్‌స్టరులో ట్రోపోమయోసిన్ నిర్మాణము తొంభై శాతానికి పైగా ఒకటే. అందుకే నా రోగికి పీతల ఇగురు ప్రాణము మీదికి తెచ్చింది. ఆల్చిప్ప, నత్త, కణవలలో ఉన్న ట్రోపోమయోసిన్‌కూ రొయ్యదానికీ పోలిక అరవై శాతము దరిదాపులలోనే ఉంటుంది. కాబట్టి రొయ్య పడనివారిలో చాలామంది గుల్లలు తిని తట్టుకోగలరు, కొందరు తట్టుకోలేరు. ఇంట్లో తిని చూసి తేల్చుకోవలసిన విషయము కాదు ఇది. ఎలర్జీ వైద్యుని వద్ద పరీక్ష చేయించుకోవాలి.

మరొక చుట్టరికము ఇంకా దగ్గరలో, మీ పరుపులో ఉన్నది. ఇంటి ధూళిలో ఉండే సూక్ష్మమైన నల్లులు, బొద్దింకలు ఆర్థ్రోపొడా వర్గములోనివే. వాటి ట్రోపోమయోసిన్ రొయ్యదానిని పోలి ఉంటుంది. ధూళికి తుమ్ములు, ఆయాసము వచ్చేవారిలో కొందరికి రొయ్యలు కూడా పడకపోవడానికి ఇది ఒక కారణము. మా చిన్నతనములో ఉబ్బసమున్న పిల్లలకు నత్తల కూర పెడితే తగ్గుతుందని పెద్దలు చెప్పేవారు. మధ్యధరా తీరపు దేశములలో ధూళినల్లుల ఎలర్జీ ఉన్న ఉబ్బసరోగులు నత్తలు తిని తీవ్రమైన ఆయాసముతో ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి. ఆ సలహాను ఇప్పుడు ఎవరైనా చెబితే దయచేసి వినకండి.

ఇక అయొడిన్ సంగతి. సముద్రపు జీవులలో అయొడిన్ ఉంటుంది, స్కాన్ మందులో కూడా అయొడిన్ ఉంటుంది, కాబట్టి ఒకటి పడకపోతే రెండవది పడదు అనే తర్కము దశాబ్దముల పాటు ఆసుపత్రులలో చెలామణి అయింది. రొయ్యలో పడనిది మాంసకృత్తు. అయొడిన్‌కు ఆ పాపముతో సంబంధము లేదు. రొయ్య ఎలర్జీ కారణముగా అవసరమైన స్కాన్‌ను మానుకోవద్దు. ఏ ఎలర్జీ ఉన్నా వైద్యునికి చెప్పడము మాత్రము మంచిదే.

ఎలర్జీ విషయములో రొయ్యల వంశము ఎక్కువ ప్రమాదకారి అయితే, సూక్ష్మక్రిముల విషయములో ఆల్చిప్పల వంశమే ముందుంటుంది. కారణము మళ్ళీ దేహ నిర్మాణమే. రెండు చిప్పల జీవికి తల లేదు, వెంటాడి తినడము లేదు. మొప్పలపై ఉన్న శైలికలతో నీటిని లోపలికి లాగి, అందులోని నలుసులను వడగట్టి తింటుంది. అనుకూలమైన పరిస్థితులలో పెద్ద ఆల్చిప్ప రోజుకు వంద లీటర్లకు పైగా నీటిని వడపోయగలదు. ఆ నీటిలో మురుగు ఉంటే ఆ మురుగు క్రిములు ఆల్చిప్పలో పోగుపడతాయి. పైగా రొయ్యను, పీతను ఉడికించి తింటారు. ఆల్చిప్పను పాశ్చాత్యులు పచ్చిగా, పేగులతో సహా మింగుతారు.

1902 నవంబరు 10న ఇంగ్లండులోని వించెస్టర్, సౌతాంప్టన్ నగరములలో మేయర్లు ఇచ్చిన విందులలో ఆల్చిప్పలు వడ్డించారు. వందమందికి పైగా అతిథులు జబ్బుపడ్డారు. కొందరికి టైఫాయిడ్ వచ్చింది. మరణించినవారిలో వించెస్టర్ ప్రధాన దేవాలయపు పెద్ద ఒకరు. ప్రభుత్వ వైద్యాధికారి బుల్‌స్ట్రోడ్ విచారణ జరిపి, ఆ ఆల్చిప్పలు ఎమ్స్‌వర్త్ అనే ఊరి నుంచి వచ్చాయని, ఆ ఊరి మురుగుకాలువ ఆల్చిప్పల మడుగుల దగ్గరే కలుస్తున్నదని తేల్చాడు. తరతరములుగా ఆల్చిప్పలపై బ్రతికిన ఆ ఊరి వ్యాపారము కుప్పకూలింది. మురుగును కలిపింది పురపాలకులు, నష్టపోయింది జాలరులు. 1988 మొదట్లో చైనాలోని షాంఘైలో సరిగా ఉడికించని గుల్లలు తిని దాదాపు 3 లక్షలమందికి హెపటైటిస్-ఎ కామెర్లు వచ్చాయి. ఆ గుల్లలు, మన కాకినాడ అఖాతములో దొరికే ఎర్రరక్తపు గుల్లలు ఒకే కుటుంబములోనివి. మన గుల్లలు చెడ్డవని నా భావము కాదు. అవి పెరిగే నీరు ఎటువంటిదో, ఎంతసేపు ఉడికిందో ముఖ్యమని చెబుతున్నాను.

ఉడికించినా పోని విషము కూడా ఒకటి ఉన్నది. సముద్రములో కొన్ని సూక్ష్మ శైవలములు విపరీతముగా పెరిగినప్పుడు వాటి విషము గుల్లలలో చేరుతుంది. 1793లో కెనడా పడమటి తీరములో కెప్టెన్ వాంకూవర్ నావికుడొకడు మస్సెల్ గుల్లలు తిని కొన్ని గంటలలో మరణించాడు. 1997లో కేరళలోని విళింజము వద్ద కూడా మస్సెల్‌లు తిన్నవారిలో మరణములు సంభవించాయి. గుల్లలు తిన్నాక పెదవులు, వ్రేళ్ళు మొద్దుబారితే అది ఎలర్జీ కాదు. క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. ఊపిరి కండరములు చచ్చుబడితే కృత్రిమ శ్వాస తప్ప వేరే మందు లేదు.

అమెరికాలో ఉన్న మనవారు స్నేహితులతో పాటు పచ్చి ఆల్చిప్పలు తినడము చూశాను. కాలేయవ్యాధి, మధుమేహము ఉన్నవారు వాటి జోలికి పోరాదు. వెచ్చని సముద్రజలములలో ఉండే విబ్రియో వల్నిఫికస్ అనే సూక్ష్మజీవి అటువంటివారి రక్తములో చేరి ఒకటి రెండు రోజులలో ప్రాణము తీయగలదు. నిమ్మరసము, కారపు రసము దానిని చంపవు.

బజారులో పొట్లముపై వ్రాసినది చదివేవారికి ఒక సంగతి. ఐరోపా చట్టములు ఎలర్జీ పదార్థముల జాబితాలో క్రస్టేషియన్లను, మొలస్కులను విడివిడిగా పేర్కొంటాయి. మొలస్కులు ఆ జాబితాలో 2006లో చేరాయి. అమెరికా 2004 చట్టములో క్రస్టేషియన్ల పేరే ఉన్నది. మన దేశపు 2020 నిబంధనలలో కూడా క్రస్టేషియన్లు ఉన్నాయి, మొలస్కులు లేవు. అంటే కణవ, ఆక్టోపస్, ఆల్చిప్ప సాస్ వంటివి పడనివారు ఎలర్జీ హెచ్చరిక గడిని మాత్రమే చూసి ఊరుకోరాదు, పదార్థముల జాబితా అంతా చదువుకోవాలి.

ఆ గృహిణి ఆ తరువాత చాలా ఏళ్ళు నా దగ్గరకే వచ్చేది. ఆమె చీటీపై నేను 'షెల్‌ఫిష్' అని వ్రాయలేదు. రొయ్య, పీత, ఎండురొయ్యపొట్టు అని పేరుపేరునా తెలుగులో వ్రాసి ఇచ్చాను. పచ్చళ్ళలో, పప్పులలో ఎండురొయ్యలు వేసే ఇళ్ళు మా వైపు చాలా ఉన్నాయి. ఆ చీటీని ఆమె బియ్యపు డబ్బా మూతకు అంటించుకున్నదట.